బరువు తగ్గాక సడలిన చర్మం: 'బిగువు' అనే మాటలో కలిసిపోయిన మూడు పొరలు

వ్యాససంగ్రహం:
అధిక బరువు కోల్పోయినవారి దేహంపై చర్మం వదులుగా మిగిలిపోవడం తరచుగా కనిపించే పరిణామం. దీనిని వ్యాయామలోపంగానో, కేవల సౌందర్యసమస్యగానో భావించడం వల్ల ఎందరో ఫలితమివ్వని ఉపాయాలపై ధనాన్నీ కాలాన్నీ వెచ్చిస్తున్నారు. నిజంగా చికిత్స అవసరమైన స్థితిలో మాత్రం వైద్యుని వద్దకు ఆలస్యంగా చేరుతున్నారు. చర్మం, కొవ్వు, కండరం అనే మూడు పొరల ధర్మాలను విడివిడిగా వివరించి, ఏ పొరకు ఏ ఉపాయం ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: సడలిన చర్మం, కొలాజెన్, ఎలాస్టిన్, కండపుష్టి, మాంసకృత్తులు, చర్మపు మడతలు, ఒరుపు, శస్త్రచికిత్స, ఆరోగ్యబీమా.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'ఒళ్ళు చేయడం' అంటే లావెక్కడం. 'చిక్కడం' అంటే సన్నబడటం. మొదటి మాటలో కలిమి ధ్వనిస్తుంది, రెండవదానిలో జాలి. తిండికి కరువున్న కాలపు విలువలు తిండి పుష్కలమైన కాలంలోనూ మాటల్లో మిగిలే ఉన్నాయి. అందువల్లనే, వైద్యుల సలహాపై ముప్ఫై నలభై కిలోలు తగ్గి ఇంటికి వచ్చిన మనిషిని చూసి మేనత్తలూ పిన్నమ్మలూ "అయ్యో, ఇంత చిక్కిపోయావేమిటి! మొహం ఎలా పీక్కుపోయిందో చూడు" అని నొచ్చుకుంటారు. ఆ నొచ్చుకోవడం వెనుక సరైన పరిశీలన ఒకటి ఉంది. తగ్గినది కొవ్వు, దానిని ఇన్నేళ్ళూ కప్పి ఉంచిన చర్మం తగ్గలేదు. గడ్డం కింద, దండచేతుల అడుగున, పొట్టమీద, తొడల లోపలివైపు అది మిగిలిపోయి వేలాడుతుంది. మనిషి ఆరోగ్యవంతుడయ్యాడు, చూపులకు వయసు పైబడినట్టు కనిపిస్తున్నాడు.

ఇది కొద్దిమందికి సంబంధించిన విషయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత (2019–21) ప్రకారం, 15–49 ఏళ్ళ మహిళలలో శరీర ద్రవ్యరాశి సూచిక 25 లేదా అంతకు మించి ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం కాగా, తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో బరువు తగ్గించే బేరియాట్రిక్ శస్త్రచికిత్సలు ఇప్పుడు అరుదు కాదు. 2025లో మౌంజారో, వెగోవీ అనే వారపు ఇంజెక్షన్లు భారతదేశపు విపణిలోకి వచ్చాయి. పెద్దమొత్తంలో బరువు తగ్గేవారి సంఖ్య పెరిగేకొద్దీ, ఆ తరువాతి చర్మం గురించి అడిగేవారి సంఖ్యా పెరుగుతుంది.

అడిగినవారికి దొరుకుతున్న జవాబు సాధారణంగా ఒక్కటే: "ఎక్సర్‌సైజు చెయ్యండి, టోన్ అవుతుంది." 'టోన్' అనేది శరీరధర్మశాస్త్రంలో కండరానికి చెందిన మాట. విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా కండరంలో నిలిచి ఉండే కొద్దిపాటి బిగువును అది సూచిస్తుంది. చర్మానికి ఆ అర్థంలో టోన్ లేదు. తెలుగులో మనం 'ఒళ్ళు బిగువుగా ఉంది' అన్నప్పుడు చర్మాన్నీ, దాని కింది కొవ్వునూ, అడుగునున్న కండనూ కలిపే అంటాం. రోజువారీ సంభాషణకు ఆ మాట చాలు. చికిత్సకు మాత్రం చాలదు. ఎందుకంటే ఈ మూడు పొరలలో ఒకదానికి పనిచేసేది మరొకదానికి పనిచేయదు.

2. చర్మం గాలి తీసిన బుడగ కాదు

గాలి తీస్తే బుడగ ముడుచుకున్నట్టు, కొవ్వు పోతే చర్మం ముడుచుకోవాలని మనం సహజంగా ఊహిస్తాం. ఈ ఊహ ఎక్కడ తప్పుతుందో తెలుసుకోవడానికి, చర్మాన్ని కావాలని సాగదీసే ఒక శస్త్రచికిత్సాపద్ధతిని చూడటం మేలు. 1957లో ఛార్లెస్ న్యూమన్ అనే అమెరికన్ వైద్యుడు, చెవి భాగం కోల్పోయిన రోగికి చర్మం కింద రబ్బరు బుడగను అమర్చి, దానిని క్రమంగా ఉబ్బించి, అలా లభించిన అదనపు చర్మంతో చెవిని సరిచేసినట్టు ప్రకటించాడు. 1970లలో చెడోమిర్ రాడోవాన్ ఈ పద్ధతిని సిలికోన్ సంచులతో అభివృద్ధి చేశాడు. నేడు కాలిన గాయాల మచ్చలను తొలగించడంలోనూ, రొమ్ము క్యాన్సర్ తరువాతి పునర్నిర్మాణంలోనూ ఇది స్థిరపడిన విధానం. వారాల తరబడి నెమ్మదిగా ఒత్తిడికి గురైన చర్మం ఊరికే సాగదు. కొత్త కణాలను పుట్టించుకుంటుంది, కొత్త రక్తనాళాలను ఏర్పరచుకుంటుంది, అంటే పెరుగుతుంది.

స్థూలకాయంలో ఇదే ప్రక్రియ ఏళ్ళ తరబడి, ఎవరూ కోరకుండానే జరుగుతుంది. కనుక బరువు తగ్గాక మిగిలే చర్మంలో కొంత సాగినది, కొంత అదనంగా పెరిగినది. సాగిన గుడ్డ ఉతికితే కొంత ముడుచుకోవచ్చు. కొత్తగా నేసి కలిపిన గుడ్డ ఎన్నిసార్లు ఉతికినా పోదు. వేలాడే చర్మాన్ని చూసి తన క్రమశిక్షణను తాను నిందించుకునే ప్రతి మనిషికీ ఈ ఒక్క విషయం ముందుగా చెప్పవలసి ఉంది.

సాగిన భాగమైనా పూర్తిగా వెనక్కు ఎందుకు రాదు? జవాబు అంతశ్చర్మంలో ఉంది. నీటిని మినహాయిస్తే దాని బరువులో సుమారు మూడువంతుల పైగా, అంటే దాదాపు 75 శాతం, కొలాజెన్ అనే మాంసకృత్తే. ఇది తాడువంటిది, చర్మానికి దృఢత్వాన్ని ఇస్తుంది. ఎలాస్టిన్ రెండు నుంచి నాలుగు శాతానికి మించదు. అయినా లాగి వదిలిన చర్మం వెనక్కు వెళ్ళేది దానివల్లనే. కొలాజెన్‌ను దేహం జీవితాంతం కొద్దికొద్దిగా తయారుచేసుకుంటూనే ఉంటుంది. ఎలాస్టిన్ విషయం వేరు. దానిలో అత్యధికభాగం గర్భస్థదశలోనూ బాల్యంలోనూ తయారై, దశాబ్దాల తరబడి నిలిచి ఉంటుంది. పెద్దవయసులో ఆ పోగులు తెగిపోతే మునుపటి అల్లికలో వాటిని తిరిగి నిర్మించుకునే శక్తి దేహానికి దాదాపు లేదు. పొట్టమీద, తొడలమీద కనిపించే చారలు ఇలా లోపలి అల్లిక తెగినచోట ఏర్పడిన మచ్చలే. భారీగా బరువు తగ్గినవారి నుంచి తొలగించిన చర్మాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించినవారు, పలచబడిన కొలాజెన్ కట్టలనూ ముక్కలైన ఎలాస్టిన్ పోగులనూ నమోదు చేశారు.

ఎవరికి ఎంత చర్మం మిగులుతుందన్నది ముఖ్యంగా నాలుగైదు సంగతులపై ఆధారపడుతుంది: ఎంత బరువు తగ్గారు, ఆ బరువుతో ఎన్నేళ్ళు గడిపారు, తగ్గేనాటికి వయసెంత, వంశపారంపర్యంగా చర్మం ఎటువంటిది, ఎండకూ పొగాకుకూ ఎంత గురైంది. పొగతాగడం కొలాజెన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైములను పెంచుతుంది. నెమ్మదిగా తగ్గితే చర్మం అసలే వేలాడదన్న మాట తరచుగా వినిపిస్తుంది. అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేరు. నెమ్మదిగా తగ్గడంలో కండ నిలబడుతుందన్న లాభం ఉంది. దాని విలువ తరువాత చూద్దాం.

బరువు స్థిరపడ్డాక తొలి ఏడాది, ఏడాదిన్నర కాలంలో చర్మం తనంతట తాను కొంత దగ్గరపడుతుంది. ఇరవైలలో ఉన్నవారికి, పది పదిహేను కిలోలు తగ్గినవారికి అది చాలావరకు సరిపోవచ్చు. యాభై కిలోలు తగ్గిన నడివయసు మనిషికి సరిపోదు.

3. పట్టి చూస్తే తెలిసేది

వేలాడుతున్నదంతా చర్మమేనని అనుకోవడం మరొక పొరపాటు. బరువు తగ్గినప్పుడు కొవ్వుకణాలు చిన్నబడతాయి. వాటి సంఖ్య పెద్దగా తగ్గదు. పొట్ట దిగువభాగంలోనో తొడలోనో గణనీయమైన కొవ్వు ఇంకా ఉండగానే, దానిని 'వదులు చర్మం' అనుకొని నిరాశపడేవారున్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మడతను పట్టి ఎత్తి చూడటం తేలికైన పరీక్ష. చేతివెనుక చర్మాన్ని పట్టుకున్నట్టు పలచగా, ముడతలతో లేస్తే అది చర్మమే. దళసరిగా, మెత్తని దిండులా వేళ్ళమధ్య నిండితే కింద కొవ్వు ఉంది. మొదటిదానికి ఆహారనియమం చేయగలిగింది లేదు. రెండవదానికి ఇంకా ఉంది. ఈ తేడా తెలియక, పలచని చర్మాన్ని 'కరిగించడానికి' తిండి మరింత తగ్గించుకునేవారు చివరికి కండను కరిగించుకుంటారు. చర్మం మరింత వేలాడుతుంది.

పొట్ట విషయంలో మూడవ అవకాశం కూడా ఉంది. గర్భధారణ వల్లనో, లోపలి కొవ్వు ఒత్తిడి వల్లనో పొట్ట నిలువు కండరాలు రెండూ మధ్యగీత వెంబడి ఒకదానికొకటి ఎడమవుతాయి. వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడిచి తల కొద్దిగా ఎత్తినప్పుడు బొడ్డుకు పైనా కిందా నిలువుగా గట్టులా ఉబ్బితే, లేదా రెండు వేళ్ళు దిగేంత సందు తగిలితే ఇదేనని అనుమానించాలి. ఇది సన్నగా ఉన్నవారిలోనూ పొట్టను ముందుకు తోస్తుంది. శ్వాసతో కూడిన లోపలి కండరాల వ్యాయామాలు దీనికి కొంత ఉపకరిస్తాయి. తటాలున లేచి కూర్చునే కఠినమైన పొట్ట వ్యాయామాలు మొదట్లో తగవు. ఉబ్బు ఒకచోట గడ్డలా ఉండి దగ్గినప్పుడు పెరిగితే అది హెర్నియా కావచ్చు గనుక ముందు వైద్యునికి చూపించాలి. బాలింతలకు పాతచీర గుడ్డతో పొట్టను బిగించి కట్టే మన ఆచారం నడుముకు ఆసరా ఇచ్చి లేవడం కూర్చోవడం సులభం చేస్తుంది. అది చర్మాన్ని బిగిస్తుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదు.

4. కండ ఏం చేయగలదు, ఏం చేయలేదు

తగ్గిన బరువంతా కొవ్వు కాదు. సుమారు నాలుగోవంతు, ఒక్కోసారి అంతకంటె ఎక్కువ, కండ మొదలైన కొవ్వుకాని ధాతువులనుంచి పోతుంది. ఆకలి చచ్చిపోయి తిండి సగానికి పడిపోయినవారిలో, కదలిక లేనివారిలో ఈ నష్టం మరింత. పైపొర యథాతథంగా ఉండి, లోపల కొవ్వుతోపాటు కండ కూడా తరిగితే, ఖాళీ రెట్టింపైనట్టే. వ్యాయామం ఈ ఖాళీలో కొంతభాగాన్ని నింపుతుంది. అది చర్మాన్ని కుదించదు. చర్మం కింద ఆధారాన్ని పెంచుతుంది.

ఈ లాభం దేహమంతటా ఒక్కతీరుగా ఉండదు. భుజాలు, పిరుదులు, తొడల ముందుభాగం, ఛాతీ, వీపు వంటిచోట్ల కండరాలు మందమైనవి, సాధనతో పెరుగుతాయి. అక్కడ తేడా కంటికి కనిపిస్తుంది. దండచేతి వెనుకభాగంలో కొంత కనిపిస్తుంది, కాని భారీగా వేలాడే మడతను ఏ కండా నింపలేదు. పొట్టలో ఇంకా తక్కువ. పొట్ట కండరాలు పలకలవంటివి. వాటి పని లోపలి అవయవాలను అదిమి ఉంచడం. రోజుకు వందసార్లు లేచి కూర్చున్నా అవి బొడ్డుకింది చర్మపు మడతను పైకి లాగలేవు, ఆ ఒక్కచోటి కొవ్వును ఎంచి కరిగించనూ లేవు. నడక గుండెకూ చక్కెరవ్యాధికీ మంచిది. కండ పెంచడానికి మాత్రం అది చాలదు. బరువుకు ఎదురుగా కండరం పనిచేయాలి. వారానికి రెండు మూడు రోజులు, పెద్ద కండరాలన్నిటికీ, నెలనెలకూ కొద్దిగా భారం పెంచుతూ చేసే సాధన అవసరం. దీనికి ఖరీదైన యంత్రాలు తప్పనిసరి కాదు. కోడి రామ్మూర్తినాయుడి కాలపు తాలింఖానాలలో నేర్పిన దండీలూ బస్కీలూ ఇదే సూత్రంపై ఆధారపడినవి. గోడకు చేతులానించి చేసే దండీతో, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచే బస్కీతో యాభై ఏళ్ళ గృహిణి కూడా మొదలుపెట్టవచ్చు. మోకాళ్ళ నొప్పులు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి ఆరంభించాలి. వేలాడే మడతలున్నవారికి వ్యాయామవేళ చర్మం ఊగి, ఒరుసుకొని మంటపెడుతుంది. చాలామంది వ్యాయామం మానేయడానికి బద్ధకం కంటె ఇదే కారణం. ఒంటిని పట్టి ఉంచే బిగుతైన లోదుస్తులు ఇక్కడ అలంకారం కాదు, పనిముట్టు.

కండకు రెండవ అవసరం మాంసకృత్తులు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి ప్రమాణాల ప్రకారం ఆరోగ్యవంతుడైన వయోజనుడు రోజుకు కిలో దేహభారానికి 0.83 గ్రాముల మాంసకృత్తులు తీసుకోవాలి. బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేయించుకున్నవారికి రోజుకు కనీసం 60 గ్రాములు అవసరమని వైద్యనిపుణుల సిఫారసు. ఈ అరవై గ్రాములు తెలుగు భోజనంలో ఎలా వస్తాయో లెక్కకట్టి చూస్తే కాని అది ఎంత కష్టమో తెలియదు. రెండు గుడ్లలో పన్నెండు గ్రాములు; అరవై గ్రాముల కందిపప్పులో పదమూడు; వంద గ్రాముల చేపలో ఇంచుమించు ఇరవై; గ్లాసెడు పాలలో, కప్పు పెరుగులో ఆరేసి. అన్నీ కలిపితే యాభైఏడు. మామూలుగా మన కంచంలో పప్పు ఎంత పడుతుంది? నలుగురికి గుప్పెడు పప్పు వేసి వండిన పప్పుచారులో ఒక్కొక్కరికి మూడు నాలుగు గ్రాములకు మించి దక్కదు. శాకాహారులు పప్పు, పెరుగు, పనీరు, సోయా, వేరుశనగలను లెక్కపెట్టుకొని తినవలసిందే. నాలుగు ముద్దలకే కడుపు నిండేవారు ఆ నాలుగు ముద్దలలో మొదటి రెండు పప్పో, గుడ్డో, చేపో ఉండేలా చూసుకోవాలి, అన్నం తరువాత. 2024లో ఇదే సంస్థ వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కండకోసం ప్రొటీన్ పొడులను వాడవద్దని సాధారణ ప్రజలకు సూచించాయి. శస్త్రచికిత్స తరువాత తినలేనివారికి ఆహారనిపుణులు కొంతకాలం వాటిని సూచించడం వేరు సందర్భం. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాంసకృత్తులను సొంతంగా పెంచుకోరాదు.

5. అమ్మకానికి ఉన్న ఆశలు

చర్మాన్ని బిగిస్తాయని అమ్మే లేపనాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 500 డాల్టన్లకు మించిన అణువు ఆరోగ్యవంతమైన చర్మాన్ని దాటి లోనికి చేరడం కష్టమన్నది చర్మవైద్యంలో ప్రసిద్ధమైన సూత్రం. కొలాజెన్ అణుభారం సుమారు మూడు లక్షల డాల్టన్లు. సీసాలోని కొలాజెన్ చర్మంపై తేమను నిలుపుతుంది, అంతే. కొలాజెన్ పొడి తాగితే అది జీర్ణకోశంలో చిన్న ముక్కలుగా విడిపోతుంది; చర్మపు తేమలో స్వల్పమైన మెరుగుదలను చూపిన పరిశోధనలున్నా, వాటిలో అనేకం తయారీదారుల ధనసహాయంతో జరిగినవి. వేలాడే మడతను అవి తొలగించినట్టు ఎవరూ చూపలేదు. రేడియో తరంగాల వేడితో కొలాజెన్‌ను కుదించే యంత్రచికిత్సలు స్వల్పంగా సడలిన చర్మంలో స్వల్పమైన ఫలితాన్ని ఇస్తాయి. అయిదారు అంగుళాల మడతకు వాటిని సూచించేవారిని అనుమానించాలి.

మన సంప్రదాయంలోని నలుగును ఇక్కడ ప్రస్తావించడం ఉచితం. పొడులతో ఒళ్ళు రుద్దే ఉద్వర్తనం కొవ్వును కరిగించి అవయవాలకు స్థిరత్వాన్ని, చర్మానికి నిగారింపును ఇస్తుందని అష్టాంగహృదయం పేర్కొంటుంది. నిగారింపు సంగతి అనుభవంలోనిదే. సున్నిపిండితో మృతకణాలు రాలి చర్మం నునుపెక్కుతుంది. తెగిన ఎలాస్టిన్‌ను కలపడం దానివల్ల కాదు. మడతలలో ఒరుపు, పుండు ఉన్నచోట పిండితో రుద్దడం హానికరం కూడా.

6. మడతలోపలి వ్యాధి

సడలిన చర్మాన్ని సౌందర్యవిషయంగా కొట్టిపారేసేవారు మడతను ఎత్తి చూడనివారు. చర్మానికి చర్మం ఆనుకున్నచోట చెమట ఆరదు; కదిలినప్పుడల్లా ఒరుపు కలుగుతుంది. ఎర్రబారడం, మంట, రసి, దుర్వాసన, ఆపై ఫంగస్, కొన్నిసార్లు బాక్టీరియా సంక్రమణ. గాలిలో తేమ అధికంగా ఉండే కోస్తా జిల్లాలలో ఏడాదిలో ఎక్కువభాగం ఇదే స్థితి. చక్కెరవ్యాధి ఉంటే మరింత మొండికేస్తుంది. చీర కట్టేవారిలో లంగా బొందు సరిగ్గా పొట్టమడత మీదనే బిగుసుకుంటుంది. ఏళ్ళ తరబడి ఆ ఒరుపుతో నడుము చుట్టూ నల్లని చారలు, పొట్టురేగే పుండ్లు ఏర్పడతాయి; మానని పుండు అరుదుగా క్యాన్సర్‌గా మారిన ఉదంతాలను భారతీయ వైద్యులు నమోదు చేశారు. బొందుకు బదులు వెడల్పాటి పట్టీ ఉన్న లంగా వాడటం, కట్టే ఎత్తును మార్చుతూ ఉండటం ఖర్చులేని నివారణ.

నిత్యసంరక్షణ సరళమైనదే. మడతను ఎత్తి గోరువెచ్చని నీటితో కడగాలి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనివ్వాలి, తరువాత పలచని నూలుగుడ్డను మడతలో ఉంచి చెమ్మగిల్లినప్పుడల్లా మార్చాలి. పౌడరు చెమటతో ముద్దకట్టి ఒరుపును పెంచుతుంది.

ఇంతకంటె గట్టిగా చెప్పవలసింది మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే 'తామర క్రీము'ల గురించి. వీటిలో చాలావాటిలో ఫంగస్ మందుతోపాటు శక్తిమంతమైన స్టీరాయిడ్ కలిసి ఉంటుంది. రెండురోజుల్లో దురద తగ్గుతుంది. ఫంగస్ మాత్రం లోలోపల వ్యాపిస్తుంది. స్టీరాయిడ్ చర్మాన్ని పలచబరచి కొత్త చారలను పుట్టిస్తుంది. మూసుకొని ఉండే మడతలలో దాని ప్రభావం మరింత తీవ్రం. ఇప్పటికే బలహీనపడిన చర్మంపై దానిని పూయడం ఎంత అనర్థమో వేరే చెప్పనక్కరలేదు. 2018లో కేంద్రప్రభుత్వం పలు స్టీరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీపైనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అమలు ఎలా ఉందో ఏ వీధిచివరి దుకాణంలో అడిగినా తెలుస్తుంది. రోగుల మౌనమూ ఇందులో ఒక భాగమే. పొట్టమడత కింది పుండును, తొడల మధ్య ఒరుపును మహిళలు ఇంట్లోవారికే చెప్పుకోరు, ఇక వైద్యునికి ఎక్కడ చెబుతారు? అందువల్ల బరువు తగ్గినవారిని పరీక్షించే వైద్యుడే మడతలను గురించి అడగాలి.

7. శస్త్రచికిత్స, దాని మూల్యం

అదనంగా పెరిగిన చర్మాన్ని తొలగించే మార్గం శస్త్రచికిత్స ఒక్కటే. ఇది కొత్తది కాదు. వేలాడే పొట్టను కోసి తొలగించిన శస్త్రచికిత్సను అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన హొవార్డ్ కెల్లీ 1899లోనే ప్రచురించాడు. పొట్టకు సంబంధించి రెండు భిన్నమైన శస్త్రచికిత్సలున్నాయి. పానిక్యులెక్టమీలో వేలాడే మడతను మాత్రమే తొలగిస్తారు. ఉద్దేశం పుండ్లనూ నడకలోని ఇబ్బందినీ నివారించడం. అబ్డొమినోప్లాస్టీలో ఎడమైన కండరాలను కుట్టి దగ్గరచేయడం, బొడ్డును తిరిగి అమర్చడం కూడా ఉంటాయి, రూపం బాగుపడుతుంది. చేతులకూ, తొడలకూ, నడుము చుట్టూ వేరువేరు శస్త్రచికిత్సలున్నాయి. కొవ్వును పీల్చివేసే లైపోసక్షన్ ఒక్కటే చేస్తే వదులు చర్మం మరింత వదులవుతుంది.

మూల్యం మచ్చ. పొట్ట శస్త్రచికిత్సలో అది ఒక తుంటినుంచి మరొక తుంటివరకు సాగుతుంది. చేతులకైతే చంకనుంచి మోచేతివరకు. మచ్చలు ఉబ్బెత్తుగా పెరిగే తత్త్వం ఉన్నవారు ముందే చెప్పాలి. చర్మం కింద నీరు చేరడం, కుట్లు విడిపోవడం, సంక్రమణ, కాళ్ళ నరాలలో రక్తం గడ్డకట్టడం అనేవి తెలిసిన ఉపద్రవాలు. భారీగా బరువు తగ్గినవారిలో గాయాలు మానడం ఆలస్యమవుతుంది. మాంసకృత్తులు, ఇనుము, జింక్, విటమిన్ల లోపాలను ముందుగా సరిచేయకపోతే మరింత ఆలస్యం. పొగతాగేవారు కనీసం నెలరోజుల ముందే మానాలి. బేరియాట్రిక్ శస్త్రచికిత్స జరిగి ఏడాది, ఏడాదిన్నర గడిచి, ఆపై కొన్ని నెలలుగా బరువు మారకుండా ఉన్నప్పుడే దీనికి తగిన సమయం. ఇంకా తగ్గుతుండగా చేస్తే చర్మం మళ్ళీ వదులవుతుంది. పిల్లలు కావాలనుకునే మహిళలు ప్రసవాల తరువాతకు వాయిదా వేసుకోవడం మంచిది.

బరువు తగ్గించే శస్త్రచికిత్సకు ముందే, ఇంజెక్షను మొదలుపెట్టే రోజునే, చర్మం మిగులుతుందన్న విషయాన్ని రోగికి చెప్పాలన్నది నా దృఢమైన అభిప్రాయం. ముందూ వెనుకా చిత్రాలతో సాగే ప్రకటనలలో 'వెనుక' చిత్రం ఎప్పుడూ దుస్తులతోనే ఉంటుంది.

ఇక బీమా. భారత బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రామాణికం చేసిన మినహాయింపుల ప్రకారం, సౌందర్యకారణాలతో చేసే ప్లాస్టిక్ శస్త్రచికిత్సలకు పరిహారం లేదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాతి పునర్నిర్మాణానికి సడలింపు ఉంది. ఆరోగ్యానికి ప్రత్యక్షమైన, తక్షణమైన ముప్పును తొలగించేందుకు వైద్యపరంగా అవసరమని చికిత్స చేసే వైద్యుడు ధ్రువీకరించినప్పుడు కూడా సడలింపు వర్తిస్తుంది. ఈ చివరి సడలింపే ఇక్కడ ఉపయోగపడగలది, అదీ కాగితాలు ఉంటేనే. మడతల ఒరుపుకు చర్మవైద్యుని వద్ద ఎన్నిసార్లు, ఏ తేదీలలో చికిత్స పొందారు, ఏ మందులు వాడినా తిరగబెట్టింది, మడత ఎంతవరకు వేలాడుతోంది, నడకకూ పరిశుభ్రతకూ ఎలా అడ్డువస్తోంది అనేవి తేదీలతో, ఛాయాచిత్రాలతో చీటీలలో నమోదై ఉండాలి. శస్త్రచికిత్సకు ముందే అనుమతి కోరాలి. బీమాసంస్థ నిరాకరిస్తే మొదట ఆ సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలరోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చినది తృప్తికరంగా లేకపోయినా, రెండు తెలుగు రాష్ట్రాలకూ యానాంకూ చెందినవారు ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్ళవచ్చు. అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు, న్యాయవాది అవసరమూ లేదు.